భూమికి పుట్టిన కుజుడు

ఆ గ్రహం మీద సముద్రాలు లేవు. ఒకానొకప్పుడు ఉండేవట, ఇంకిపోయాయి. వాటి అడుగున బయటపడిన పల్లపు నేలల్లో మాత్రం కాస్త పచ్చదనం నిలిచింది. తక్కినదంతా కావిరంగు ఎడారి. చెప్పుకోదగ్గ కొండలు లేవు. గాలి పలుచన, మబ్బు అరుదు, వాన అన్న మాటే లేదు. 24 గంటల 37 నిమిషాలకు ఒకమారు తన చుట్టూ తాను తిరుగుతుంది కనుక పగలూ రాత్రీ దాదాపు మనవాటి వంటివే; ఏడాది మాత్రం మన లెక్కలో 687 రోజులు. చలికాలంలో ధ్రువం మీద మంచు పేరుకుంటుంది. వసంతంలో అది కరుగుతున్నప్పుడు దాని అంచు చుట్టూ నీలిరంగు పట్టీ ఒకటి కనబడుతుంది. అది నీరు. ఆ నీటిని అక్కడి జనులు వేల మైళ్ళ పొడవున తవ్వుకున్న కాలువల్లోకి మళ్ళించి గ్రహపు నడిమిరేఖ దాకా, దాన్ని దాటి అవతలి అర్ధగోళంలోకి కూడా తీసుకుపోతారు. నీరు పారినమేరా కాలువల వెంట పైరు పచ్చబడుతూ వస్తుంది. ఉత్తరాన 72వ అక్షాంశం నుండి నడిమిరేఖ దాకా 2650 మైళ్ళు. ఆ పచ్చదనం ఈ దూరాన్ని 52 రోజుల్లో దాటుతుంది. అంటే రోజుకు 51 మైళ్ళు.

ఇంత వివరం ఉన్న ఈ లోకం ఏ నవలలోనిదో అనుకోవడం సహజం. కాదు, ఇది ఖగోళశాస్త్ర గ్రంథాలలోనిది. పెర్సివల్ లోవెల్ అనే అమెరికా ధనికుడు తన సొంత డబ్బుతో కట్టించుకున్న వేధశాలలో కూర్చుని, 1895లోనూ, 1906లోనూ, 1908లోనూ అచ్చువేసిన మూడు పుస్తకాలలో వర్ణించిన అంగారకగ్రహం ఇది. నవలలు దీని వెనుక వచ్చాయి. కల్పిత లోకాల చరిత్రలో ఇటువంటిది మరొకటి నాకు కనబడదు: శాస్త్రజ్ఞుడు కల్పించాడు, కథకులు దాన్ని నిజమని నమ్మి వాడుకున్నారు.

మన పూర్వులు ఈ గ్రహానికి పెట్టుకున్న పేర్లలో ఒకటి కుజుడు. 'కు' అంటే భూమి. భూమికి పుట్టినవాడు కుజుడు. (పెళ్ళిసంబంధాల దగ్గర ఆయన చేసే అల్లరి వేరే కథ.) పంతొమ్మిదో శతాబ్దపు చివర పాశ్చాత్యులు చూసిన కుజుడికి ఈ పేరు అతికినట్టు సరిపోతుంది. ఆ గ్రహం మీద వారు చూసిన ప్రతిదీ ఇక్కడినుంచి పోయినదే.

1877లో అంగారకుడు భూమికి బాగా దగ్గరగా వచ్చాడు. ఆ ఏడే వాషింగ్టనులో అసఫ్ హాల్ అతడి రెండు ఉపగ్రహాలను కనిపెట్టాడు. ఆ ఏడే ఇటలీలో, మిలాన్ నగరపు బ్రేరా వేధశాలలో, జియోవాన్ని స్కియాపరెల్లి 22 సెంటీమీటర్ల కటకం ఉన్న దూరదర్శినితో ఆ గ్రహపు పటం గీయడానికి కూర్చున్నాడు. స్కియాపరెల్లి గట్టి శాస్త్రజ్ఞుడు. తోకచుక్కలకూ ఉల్కాపాతాలకూ ఉన్న సంబంధాన్ని తేల్చినవాడు. గ్రహం మీది మచ్చలకు పేర్లు పెట్టవలసివచ్చినప్పుడు ఆయన తన కాలపు పండితుల పేర్ల జోలికి పోలేదు. ప్రాచీన గ్రీకు, రోమను గ్రంథాలలోని భూగోళాన్నీ, బైబిలునూ తెరిచి, అందులోని పేర్లను ఆ గుండ్రటి బింబం మీద పరిచాడు. హెల్లాస్, ఆసోనియా, లిబియా, అరేబియా, ఈడెన్, ఎలీసియం, పడమటి అంచున థార్సిస్, తూర్పున బంగారు భూమి క్రైసీ. గీతల్లా కనిపించినవాటికి నదుల పేర్లు ఇచ్చాడు. వాటిలో మన గంగా సింధువులు కూడా ఉన్నాయి. ఆ గీతలను ఆయన 'కనాలీ' అన్నాడు. ఇటాలియను భాషలో ఆ మాటకు పాయ, చాలు, సహజమైన నీటిదారి అనే అర్థాలు కూడా ఉన్నాయి. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది మనుషులు తవ్విన కాలువ అయి కూర్చుంది.

అంతా ఆ తర్జుమా వల్లనే జరిగిందని చాలామంది రాస్తుంటారు. నాకది పూర్తిగా ఒప్పుదల కాదు. ఒక్క మాట తప్పు పోయినంత మాత్రాన ఖండాంతరాల పాఠకులు ముప్పై ఏళ్ళపాటు ఒక నాగరికతను నమ్మరు. నమ్మడానికి వారు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. ఆ శతాబ్దానికి కాలువంటే ఏమిటో గుర్తు తెచ్చుకోవాలి. సూయెజ్ కాలువ 1869లో తెరుచుకుంది. పనామాలో ఫ్రెంచివారు 1881లో తవ్వకం మొదలుపెట్టారు. మన దేశంలో గంగానది కాలువ 1854లో పారింది (అంటే గంగ పేరుతో కాలువ ముందు భూమి మీద, తరువాత అంగారకుడి మీద!). అంతకు రెండేళ్ళ ముందే, 1852లో, ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. కరువుతో మాడిన డెల్టా ఆ నీటితో ఎలా మారిపోయిందో గోదావరి జిల్లాలవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఎడారిని మాగాణి చేయగలవాడే నాగరికుడని నమ్మిన కాలం అది. అటువంటి కాలానికి వేరే గ్రహం మీద సూటిగీతలు కనబడితే అవి ఇంకేమవుతాయి?

లోవెల్ 1855లో బోస్టనులో సంపన్న కుటుంబంలో పుట్టాడు. జపాను, కొరియాలలో కొన్నేళ్ళు గడిపి ఆ దేశాల గురించి పుస్తకాలు రాశాడు. పరదేశాన్ని చూసి వచ్చి ఇంట్లోవాళ్ళకు వర్ణించి చెప్పడం అతడికి వెన్నతో పెట్టిన విద్య. 1894లో అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ ఊళ్ళో, సముద్రమట్టానికి ఏడువేల అడుగులకు పైని, వేధశాల కట్టించాడు. అక్కడి గాలి నిలకడగా ఉంటుందన్నది కారణం. దాపునే రంగురంగుల ఎడారి. అక్కడి శిఖరం మీదినుంచి దూరాన కనబడే ఆ ఎడారి రంగు, తన దూరదర్శినిలోని అంగారకుడి రంగు ఒక్కటేనని తరువాత తానే రాసుకున్నాడు. ఎడారి పక్కన కూర్చుని ఆకాశంలో ఎడారిని చూశాడన్నమాట.

అయితే అతణ్ణి పిచ్చివాడని తోసిపారేయడం తేలిక గాని న్యాయం కాదు. అతడి అంగారకుడిలో ఒక అందమైన పొందిక ఉంది. అదే అతడి బలం. చిన్న గ్రహం పెద్ద గ్రహం కన్నా త్వరగా చల్లారుతుంది. చల్లారింది కనుక త్వరగా ముసలిదవుతుంది. ముసలిది కనుక సముద్రాలు ఇంకిపోయాయి. మునుపు సముద్రాలనుకున్న నల్లమచ్చల మీదుగా కూడా గీతలు పోతున్నట్టు 1892లో డబ్ల్యు. హెచ్. పికరింగ్ చూపాడు కనుక అవి నీళ్ళు కావు, పచ్చిక అయివుండాలి. నీరంతా ధ్రువాల దగ్గర మిగిలింది. ఎండిపోతున్న లోకంలో బతకాలంటే ఆ నీటిని తెచ్చుకోవాలి. మనకు కనిపించే గీత కాలువ కాదు, కాలువ పక్కన మైళ్ళ వెడల్పున సాగే పైరు. గీతలు కలిసేచోట కనబడే చుక్కలు ఒయాసిస్సులు. గ్రహమంతా ఒకే కాలువల వల ఉంది కనుక అక్కడ దేశాలు, సరిహద్దులు, యుద్ధాలు ఉండేందుకు వీలులేదు. చివరగా అన్నిటికన్నా తెలివైన వాదం: నీరు నడిమిరేఖ వైపు తనంతట తాను పారే కారణం ఏదీ లేదు, అయినా పారుతోంది, కాబట్టి ఎవరో పారిస్తున్నారు! కాలువకు వాలు చాలదన్న అభ్యంతరాన్నే సాక్ష్యంగా మార్చేశాడు. పొలానికి నీరు ఎక్కక పంచాయితీలు పడిన రైతులెవరైనా ఈ వాదం వింటే ఏమనేవారో.

ఒక్కొక్క మెట్టూ పక్క మెట్టు మీద ఆనుకుని ఉంది. మొత్తం మేడ దేని మీద ఆనుకుందని అడిగితే మాత్రం, ఒక చిన్న కావిరంగు బింబం రెపరెపలాడడం మాని నిలకడగా కనిపించిన కొద్ది క్షణాల మీద.

అనుమానించినవారు మొదటినుండీ ఉన్నారు. 1894లోనే లిక్ వేధశాలలో డబ్ల్యు. డబ్ల్యు. కాంప్‌బెల్ అంగారకుడి వర్ణపటాన్నీ చంద్రుడి వర్ణపటాన్నీ పక్కపక్కన పెట్టి చూసి, నీటి ఆవిరి జాడ రెండింటిలోనూ ఒకేలా ఉందన్నాడు. చంద్రుడి మీద నీరు లేదు కనుక ఆ జాడ మన గాలిదే. 1903లో గ్రీనిచ్‌లో మాండర్, ఎవాన్స్ అనే ఇద్దరు ఇంకో పని చేశారు. గీతలేవీ లేకుండా చెదురుమదురు మచ్చలు మాత్రమే ఉన్న బొమ్మల్ని సుమారు 200 మంది బడిపిల్లల ముందుంచి, చూసినది చూసినట్టు గీయమన్నారు. దగ్గర కూర్చున్నవారు మచ్చలు గీశారు. కొంత దూరాన ఉన్న పిల్లల్లో చాలామంది సూటి గీతలు గీశారు. వాళ్ళకు అంగారకుడి గొడవేమీ తెలియదు. కన్ను తనంతట తానే చుక్కల్ని కలిపేసింది. ముగ్గు వేసేవారికి ఇది కొత్త సంగతి కాదు. లోవెల్ దీన్ని ఎద్దేవా చేశాడు. అన్నట్టు, అతడు శుక్రుడి మీద కూడా బండిచక్రపు ఆకుల్లాంటి గీతలు చూశాడు. శుక్రుడి చుట్టూ ఎడతెగని మబ్బు. దూరదర్శిని ముఖాన్ని బాగా కుదించి చూడడం వల్ల తన కంటి వెనుకనున్న రక్తనాళాల నీడనే చూసివుంటాడని తరువాతి కాలంలో కొందరు ఊహించారు.

నన్ను ఈ కథలోకి లాగినది మాత్రం 84 ఏళ్ళ ముసలాయన ఒకరు. ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్. ప్రకృతివరణ సిద్ధాంతాన్ని 1858లో డార్విన్‌తో పాటు లోకానికి వెల్లడించినవాడు. చిన్నతనంలో అన్నగారి వెంట గొలుసు పట్టి భూములు సర్వే చేసినవాడు. నడివయసులో ఎనిమిదేళ్ళు మలయా దీవుల్లో తిరిగినవాడు. 1907లో లోవెల్ ఒక శాస్త్రపత్రికలో అంగారకుడి సగటు ఉష్ణోగ్రత లెక్క కట్టి 48 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే ఇంచుమించు 9 సెల్సియస్, అని తేల్చాడు. సూర్యుడికి ఒకటిన్నర రెట్ల దూరాన, పలుచని గాలి కప్పుకున్న గ్రహానికి దక్షిణ ఇంగ్లండు పాటి వెచ్చదనం! ఆ ఏడాది చివరికే వాలెస్ చిన్న పుస్తకం ఒకటి తెచ్చాడు. అంగారకుడు నివాసయోగ్యమా అన్నదే దాని పేరు.

వాలెస్ దగ్గర వేధశాల లేదు. గీతలు ఉన్నాయా లేవా అన్న జగడంలోకి అతడు దిగలేదు. సరే ఉన్నాయనే అనుకుందాం అన్నాడు. గ్రహం చల్లారేటప్పుడు పైపొర బిగిసి చిట్లిన పగుళ్ళు కావచ్చునన్నాడు. (ఈ ఊహ తప్పు.) తరువాత శీతోష్ణస్థితి దగ్గరకు వచ్చాడు. భూమి మీద నడిమిరేఖ కిందనే, నడినెత్తిన సూర్యుడు కాసేచోటనే, ఎత్తైన పర్వతాల మీద మంచు కరగదు. కారణమేమి? గాలి పలుచన. గాలి, అందులోని నీటి ఆవిరి, నేల కప్పుకున్న దుప్పటి. దుప్పటి చిరిగితే పగలు ఎంత ఎండకాచినా రాత్రికి వేడి నిలవదు. చంద్రుడు సూర్యుడికి మనమున్నంత దూరంలోనే ఉన్నా దుప్పటి లేక గడ్డకట్టిపోతున్నాడు. మరి అంగారకుడికి ఎండ మన సగానికన్నా తక్కువ, దుప్పటి నామమాత్రం. అక్కడ నీరు ద్రవంగా ఉండే అవకాశమే లేదు. పోనీ ఉందనుకున్నా, ధ్రువాల మీది ఆ పలుచని మంచు కరిగితే ఎంత నీరు వస్తుంది? దాన్ని మబ్బులేని ఎడారిలో వేల మైళ్ళు తెరిచిన కాలువల్లో పారిస్తే మొదటి వంద మైళ్ళలోపునే ఇంకేది ఇంకి, ఆవిరయ్యేది ఆవిరైపోతుంది. ఇటువంటి కాలువలు తవ్వినవారు ఉంటే వారు మహామేధావులు కారు, మతిలేనివారు. అంగారకుడి మీద మనుషులే కాదు, ఏ ప్రాణీ ఉండదని అతడి తీర్పు.

సర్వేగొలుసు పట్టిన చేతికి కాలువ అంటే గీత కాదు, ఇంత పొడవు, ఇంత వెడల్పు, ఇంత నీరు.

కథ ఇక్కడ ఆపితే వాలెస్ వీరుడై వెలుగుతాడు. కాని అతడి మనసులోనూ ఒక కోరిక ఉంది. విశ్వమంతటిలో బుద్ధిజీవి భూమి మీద మాత్రమే ఉందని, ఆ ఏర్పాటు వెనుక ఒక సంకల్పం ఉందని నాలుగేళ్ళ ముందే, 1903లో, పెద్ద పుస్తకం రాశాడు. ప్రేతాత్మలతో సంభాషణ నిజమని నమ్మినవాడు కూడా. లోవెల్‌కు అంగారకుడి మీద జనం కావలసివచ్చారు, వాలెస్‌కు అక్కరలేకపోయారు. ఇద్దరికీ ముందే తెలిసిన జవాబులే. కాకపోతే వాలెస్ తన జవాబును ఎవరైనా సరిచూడగల లెక్కగా రాశాడు. లోవెల్‌ను సరిచూడాలంటే లోవెల్ కళ్ళు కావాలి.

రెండేళ్ళకు, 1909 సెప్టెంబరులో, పారిస్ దగ్గరి మూదాన్ వేధశాలలో యూజీన్ అంటోనియాడి 83 సెంటీమీటర్ల దూరదర్శినితో చూసినప్పుడు గాలి అరుదైన నిలకడతో ఉంది. గీతలు విడిపోయి చెల్లాచెదురు మచ్చలయ్యాయి. శాస్త్రజ్ఞులలో చాలామందికి వ్యవహారం అక్కడితో ముగిసింది. లోవెల్ 1916లో చనిపోయేదాకా మాట మార్చలేదు.

జనంలో మాత్రం ముగియలేదు. ఎండిపోతున్న ముసలి గ్రహాన్ని హెచ్. జి. వెల్స్ 1898లోనే పుచ్చుకున్నాడు. లోవెల్ శాంతమూర్తుల్ని ఊహించిన చోట వెల్స్ ఇంకొక ప్రశ్న వేశాడు: నీరు, వెచ్చదనం కరువైనవాడు పచ్చని పొరుగును చూసి ఊరుకుంటాడా? తెల్లవారు టాస్మేనియా ఆదివాసుల్ని ఏం చేశారో ఆ నవల మొదటి పుటల్లోనే గుర్తుచేస్తాడు. భూమినుంచి కాలువలు మాత్రమే కాదు, సామ్రాజ్యం కూడా అంగారకుడికి ఎగుమతి అయింది.

1912లో ఎడ్గార్ రైస్ బరోస్ పత్రికలో ధారావాహికగా మొదలుపెట్టిన కథలో ఆ గ్రహానికి అక్కడి జనం పెట్టుకున్న పేరు బార్సూమ్. లోవెల్ భూగోళం అందులో దాదాపు యథాతథం: నాచు కప్పిన ఎండు సముద్రాల అడుగులు, రేవుల్లో పాడుబడిన పాలరాతి నగరాలు, కాలువల వెంట పైరు. గాలి పలుచబడిపోతున్నదన్న చిక్కుకు మాత్రం బరోస్ మొహమాటం లేకుండా ఒక పెద్ద కర్మాగారం పెట్టి గాలిని తయారుచేయించాడు. అది ఆగిపోతే గ్రహమంతా ఉక్కిరిబిక్కిరై చస్తుంది! శాస్త్రానికి నిలవదు గాని, వాలెస్ అభ్యంతరం ఎక్కడ తగులుతుందో కథకుడికి తెలిసిందన్నమాట. 1950లో రే బ్రాడ్‌బరీ అంగారక కథల్లోనూ కాలువలు ఉన్నాయి. అప్పటికి వాటిని నమ్మే ఖగోళజ్ఞులు బహు కొద్దిమంది.

1965 జూలైలో మ్యారినర్ 4 ఆ గ్రహం పక్కగా దూసుకుపోతూ ఇరవైరెండు బొమ్మలు తీసింది. అవి ఒక్కొక్క చుక్కకు ఒక్కొక్క అంకెగా, నత్తనడకన భూమికి చేరుతున్నాయి. కంప్యూటరు బొమ్మగా మార్చేదాకా ఓపిక పట్టలేక, పసదినాలో ఇంజనీర్లు అంకెలు అచ్చైన కాగితపు పేలికలను గోడకు అతికించి, రంగుసుద్దలతో చేత్తోనే నింపారు. అలా అంగారకుడి మొదటి సమీప చిత్రం కూడా చేత్తో గీసిందే అయింది. తరువాతి బొమ్మల్లో కాలువలు లేవు. చంద్రుడి మీదవంటి గుంటలు. గాలి ఒత్తిడి మనదానిలో నూటికి ఒక్కవంతు కూడా లేదు. 1971లో మ్యారినర్ 9 చేరేసరికి గ్రహమంతా దుమ్ముతుఫానులో మునిగివుంది. దుమ్ము దిగాక లోవెల్ లేవన్న కొండలు తేలాయి. స్కియాపరెల్లి తెల్లని చుక్కగా గుర్తించి ఒలింపస్ మంచు అని పేరు పెట్టినది సుమారు 22 కిలోమీటర్ల ఎత్తున్న అగ్నిపర్వతం. నాలుగువేల కిలోమీటర్ల లోయ ఒకటి బయటపడింది. పాత గీతల్లో నిజంగా ఏదో ఉన్న బహుకొద్ది చోట్లలో అదొకటి. వసంతంలో పాకే పచ్చదనం గాలికి కదిలే దుమ్ము.

2013 నవంబరు 5న మన శ్రీహరికోటనుంచి బయలుదేరిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న కుజుడి కక్ష్య చేరింది. కొద్దిరోజులకే డెబ్భై వేల కిలోమీటర్లకు పైబడిన దూరంనుంచి అది పంపిన పూర్ణబింబంలో కూడా ఉత్తరాన లేచిన దుమ్ముతుఫాను స్పష్టంగా కనబడుతుంది.

కాలువలు పోయినా స్కియాపరెల్లి పేర్లు పోలేదు. నేటి అంగారక పటాల్లో హెల్లాస్, ఎలీసియం, థార్సిస్, అరేబియా అలాగే ఉన్నాయి. గంగ ఒక అగాధానికి పేరైంది. స్కియాపరెల్లి, లోవెల్, వాలెస్, అంటోనియాడి, మాండర్, వెల్స్, బరోస్, ఒక్కొక్కరి పేరనా అక్కడ ఒక్కో గుంట ఉంది. తగవు పడినవారు, కథ అల్లినవారు, అందరూ ఒకే నేల మీద.

వైకింగ్ నౌకలు రెండూ 1976లో ఆ పాత పేర్లున్న మైదానాల మీదనే దిగాయి. మొదటిది బంగారు భూమి క్రైసీలో, రెండవది యుటోపియాలో. ఆ యుటోపియాలో చలికాలం వచ్చినప్పుడు, ఎర్రటి రాళ్ళ సందుల్లో తెల్లగా ఏదో పరుచుకున్నట్టు బొమ్మలు వచ్చాయి. అది నీటి మంచే. దాని మందం అంగుళంలో వెయ్యోవంతుకు మించదని లెక్కవేశారు.